ఫీల్డుకు పంపితే చాలదు

మనిషి ఎక్కడ చనిపోతే ఆ మరణం అక్కడే నమోదు కావాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెప్పేది ఇదే. వినడానికి మామూలుగా ఉండే ఈ నిబంధన పాలమూరు పల్లెల్లో ఒక ఇంటిని ఎన్నేళ్లు ఆఫీసుల చుట్టూ తిప్పగలదో ఆలోచించండి. తట్టా పారా పట్టుకుని ముంబయికో పుణెకో వలస పోయిన మనిషి అక్కడే కన్నుమూస్తే, మరణ ధ్రువీకరణ పత్రం ఇవ్వాల్సింది అక్కడి మున్సిపాలిటీ. 21 రోజుల్లోగా చెప్పకపోతే ఆలస్య రుసుము కట్టాలి. నెల దాటితే పై అధికారి అనుమతి తేవాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. శవాన్ని ఊరు చేర్చే తొందరలో కూలీలను తీసుకెళ్లిన మేస్త్రీకి గానీ తోటి కూలీలకు గానీ ఈ సంగతి గుర్తుండే పరిస్థితి ఉండదు. ఇక్కడ, నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలో, పిల్లలతో మిగిలిపోయిన అతని భార్యకు వితంతు పింఛను రావాలంటే ఆ కాగితమే ఆధారం. ఆమె మీద జాలిపడే వాళ్లు ఊరినిండా ఉంటారు. పని ఎక్కడ ఆగిందో కనిపెట్టి, ఏ ఆఫీసుకు ఏం రాయాలో తెలిసి, ఆ కాగితం వచ్చేలోగా ఇల్లు ఎలా గడుస్తుందో కూడా ఆలోచించే మనిషి దొరకడం కష్టం. అలాంటి మనిషిని తయారు చేయడానికే సోషల్ వర్క్ అనే చదువు ఉంది.

ఈ చదువులో తరగతి గది పాఠాలు ఒక భాగం. మనిషి ప్రవర్తన, కుటుంబం, కులం, చట్టాలు, ప్రభుత్వ పథకాలు, ఒక వ్యక్తితో పనిచేసే కేస్ వర్క్, పది మందితో పనిచేసే గ్రూప్ వర్క్, ఊరిని కూడగట్టే కమ్యూనిటీ ఆర్గనైజేషన్ అక్కడ నేర్పుతారు. రెండో భాగం ఫీల్డ్ వర్క్. వారానికి రెండు రోజులు విద్యార్థి ఒక ఆసుపత్రికో, బస్తీకో, పల్లెకో, పిల్లల సంరక్షణ కేంద్రానికో వెళ్లి పనిచేయడం మన దేశంలో సోషల్ వర్క్ పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూ కోర్సుల సంప్రదాయం. దీనికి తోడు గ్రామీణ క్యాంపు, చివర్లో కొన్ని వారాలు ఏకబిగిన ఒకే చోట పనిచేసే బ్లాక్ ప్లేస్‌మెంట్ ఉంటాయి. ఫీల్డ్ వర్క్ ముఖ్యమని అనని వాళ్లు ఈ రంగంలో లేరు. నా వాదన దానికి ఒక అడుగు అవతల ఉంది. ఫీల్డుకు పంపినంత మాత్రాన చదువు కాదు. వెళ్లిన విద్యార్థి పక్కన, ఆ చోటనే, పని తెలిసిన పర్యవేక్షకుడు ఉండాలి. ఆ మనిషి లేకుండా ఎన్ని గంటలు లెక్క వేసినా అది పర్యటనే. లింగాల లాంటి మారుమూల మండలాల్లో ఈ చదువు డిగ్రీ స్థాయిలోనే మొదలు కావాలని, అందుకు పెట్టే మొదటి రూపాయి ఆ పర్యవేక్షకుడి మీదే పెట్టాలని నేను నమ్ముతున్నాను.

డిగ్రీ స్థాయి అని ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం చరిత్ర చూడాలి. దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. చికాగో నుంచి వచ్చిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అప్పటికే నాగ్‌పాడా మురికివాడల్లో ఒక సేవా కేంద్రం నడుపుతున్నారు. టాటా ట్రస్టు డబ్బుతో ఆయన తొలి డైరెక్టరుగా సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ తెరిచారు. 1944లో అదే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. అప్పటికే డిగ్రీ చదివిన వాళ్లకోసం, మహానగరంలో పెట్టిన బడి అది. ఆ తరువాత వచ్చిన చాలా సంస్థలు ఆ దారినే పోయాయి. మన ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాల్లో, చివరికి 2008లో పుట్టిన పాలమూరు విశ్వవిద్యాలయంలో కూడా సోషల్ వర్క్ అంటే ప్రధానంగా పీజీయే. డిగ్రీలో హిస్టరీయో, కామర్సో, బీఎస్సీయో చదివి, ఆ తరువాత ఎంఎస్‌డబ్ల్యూలో చేరతారు. అంటే ఈ వృత్తిలోకి అడుగు పెట్టే వయసు 21 దాటాక వస్తుంది. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత సగానికి కూడా చేరలేదు. అలాంటి ప్రాంతంలో ఒక ఆడపిల్ల డిగ్రీ దాకా రావడమే గొప్ప. డిగ్రీ అయ్యాక ఇంకో రెండేళ్లు పట్నంలో హాస్టల్ ఖర్చు పెట్టి చదివించే ఇళ్లు ఎన్ని ఉంటాయి? పీజీని గుమ్మంగా పెట్టినంత కాలం లింగాల ఆడపిల్ల ఈ చదువులో సాయం పొందే మనిషిగానే కనిపిస్తుంది, సాయం చేసే మనిషిగా కనిపించదు.

స్థానికులకే నేర్పించి వాళ్లనే పనిలో పెట్టడం మన నేలకు కొత్తేమీ కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం పోరాటం నెత్తుటితో ముగిశాక, ఆదిలాబాద్ గోండుల పరిస్థితి చూడమని నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. అంతకుముందు ఆయన నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచు గిరిజనుల మధ్య ఉండి చేసిన పరిశీలన 1943లో పుస్తకంగా వచ్చింది. అదే 1943లో మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారు చేసే శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి పంతుళ్లను బలవంతంగా అడవికి పంపడం కంటే, అక్కడి పిల్లలనే పంతుళ్లను చేయడం మేలని గుర్తించారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ కూడా వేరే దారిలో ఈ నిర్ణయానికే వచ్చారు. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టిన ఆమె, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో పనిచేయడానికి చదువుకున్న ఆడవాళ్లు దొరకడం లేదన్న సమస్య బోర్డుకు ఎదురైంది. పట్నం వాళ్లను పంపితే నిలవడం లేదు. అందుకని బడి మానేసిన పెద్దవయసు స్త్రీలకు తక్కువ కాలంలో చదువు పూర్తి చేయించే కండెన్స్‌డ్ కోర్సులు 1958లో మొదలుపెట్టారు. అలా చదువుకున్న వాళ్లు గ్రామసేవికలుగా, టీచర్లుగా, నర్సులుగా పనిలోకి వచ్చేలా ఆ పథకం ఉద్దేశించారు. రెండు ప్రయత్నాలూ ప్రాంతం నుంచే మనుషుల్ని ఎంచుకున్నాయి, వాళ్లకు ముందు పనికి సరిపడే శిక్షణ ఇచ్చాయి.

ఇక విద్యార్థుల్ని పల్లెలకు పంపే పని మన దగ్గర జరగడం లేదా అంటే, జరుగుతోంది. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) మొదలైంది. ఏడాదికి 120 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని పద్ధతి. ఆంధ్రప్రదేశ్ ఇంకా ముందుకు వెళ్లింది. 2020-21 నుంచి మూడేళ్ల డిగ్రీలో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసి, మొదటి ఏడాది తరువాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టింది. ఇంత పెద్ద ఎత్తున డిగ్రీ విద్యార్థుల్ని ఊళ్లలోకి దించిన ప్రయత్నం తెలుగునాట ఇంకొకటి నాకు తెలియదు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఫిజిక్స్ విద్యార్థి ఒకసారి తన ఊరి నీళ్ల సమస్య మీద ఇల్లిల్లూ తిరిగి అడగడం మంచి పౌర శిక్షణ. కానీ ఆ ప్రాజెక్టుకు మార్గదర్శకుడు ఎవరు? కాలేజీలో ఆ సబ్జెక్టు చెప్పే అధ్యాపకుడే. ఆయన తన పాఠం బాగా చెప్పగలడు. తాగి వచ్చి కొట్టే భర్త గురించి ఒక ఇల్లాలు సర్వే ఫారం నింపుతున్న పిల్లవాడి ముందు కన్నీళ్లు పెట్టుకుంటే ఏం చేయాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. పిల్లవాడు ఆ గడిలో 'సమస్యలు ఉన్నాయి' అని రాసి పక్కింటికి పోతాడు. పౌర శిక్షణకు అది చెల్లుతుంది. సోషల్ వర్కరుగా బతకబోయే విద్యార్థికి చెల్లదు.

ఎందుకు చెల్లదో చూడాలంటే ఫీల్డ్ వర్క్‌లో నిజంగా చదువు జరిగేది ఎక్కడో చూడాలి. ప్రతి సందర్శన తరువాత విద్యార్థిని రికార్డు రాస్తుంది. ఎవరిని కలిసింది, ఏం అడిగింది, వాళ్లేం చెప్పారు, తనకేం అనిపించింది, తరువాత ఏం చేయాలనుకుంటోంది, అన్నీ వరుసగా రాయాలి. పర్యవేక్షకుడు అది చదివి వారానికోసారి ఆమెతో విడిగా కూర్చుంటాడు. మొదట చెప్పిన వలస కూలీ భార్య సంగతే తీసుకుందాం. విద్యార్థిని రికార్డులో 'పింఛను గురించి అవగాహన కల్పించాను, ఆమె ఆసక్తి చూపలేదు' అని రాసిందనుకుందాం. చదివిన పర్యవేక్షకుడు అడుగుతాడు: "నువ్వు వెళ్లినప్పుడు ఇంట్లో ఇంకెవరున్నారు?" అత్తగారు ఉన్నారు. "నీతో మాట్లాడుతూ ఆమె ఎవరి వైపు చూసింది?" అత్త వైపే. "మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదేమో అడిగావా?" అడగలేదు. "పింఛను ఆమె పేరున వస్తే ఆ ఇంట్లో ఎవరికి ఇబ్బంది?" ఈ ప్రశ్న దగ్గర విద్యార్థిని ఆగిపోతుంది. ఆసక్తి లేకపోవడంగా తాను రాసుకున్నది భయం కావచ్చని అప్పుడు తోస్తుంది. వచ్చే వారం ఆమె వెళ్లేది పథకం గురించి చెప్పడానికి కాదు. అత్తతో కూడా ఒక పూట కూర్చోవడానికి వెళ్తుంది. ఈ మలుపు పుస్తకంలో దొరకదు. విద్యార్థిని ఒక్కతే ఊళ్లో ఎన్ని రోజులు తిరిగినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. పైగా అదే పొరపాటు పదిళ్లలో చేసి, అదే అనుభవమనుకునే ప్రమాదం ఉంది.

ఈ సంగతిని ఇతర దేశాలు నిబంధనగా రాసుకున్నాయి. అమెరికాలో సోషల్ వర్క్ డిగ్రీ కోర్సు గుర్తింపు పొందాలంటే ఒక్కో విద్యార్థికి కనీసం 400 గంటల ఫీల్డ్ శిక్షణ ఉండాలి, పీజీకైతే 900. అక్కడి గుర్తింపు మండలి 2008 ప్రమాణాల్లో ఫీల్డ్ శిక్షణనే ఈ వృత్తి చదువుకు గుర్తుగా నిలిచే బోధనా పద్ధతి అని ప్రకటించింది. ఇంగ్లండులో 170 రోజులు ప్లేస్‌మెంట్, మరో 30 రోజులు నైపుణ్య శిక్షణ. అక్కడ విద్యార్థి పనిని అంచనా వేయడానికి విడిగా శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు ఉంటారు. మన దేశంలో నర్సుల చదువుకు 1947 చట్టంతో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, న్యాయవాదులకు 1961 చట్టంతో బార్ కౌన్సిల్ వచ్చింది. ఎన్ని గంటలు వార్డులో ఉండాలి, ఎవరి పర్యవేక్షణలో ఉండాలి అన్నది నర్సింగ్‌లో కాలేజీ ఇష్టానికి వదలరు. సోషల్ వర్క్ మొత్తానికి అలాంటి కౌన్సిల్ నేటికీ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆసుపత్రుల్లో, మానసిక వైద్యంలో పనిచేసే సోషల్ వర్కర్లను తన జాబితాలో చేర్చింది. అది మంచి మొదలే. లింగాలలో వలస కుటుంబంతో పనిచేసే వాళ్ల శిక్షణ గురించి మాత్రం ఆ చట్టం వల్ల తేలేదేమీ లేదు.

లింగాలే ఎందుకు అంటే, ఈ వృత్తికి కావాల్సిన పాఠాలు దాదాపు అన్నీ ఒక్క మండలంలోనే ఎదురవుతాయి. ఒకవైపు వర్షాధార సేద్యం, వలస, మేస్త్రీల అడ్వాన్సులు, తల్లిదండ్రులు వలస పోయాక ముసలివాళ్ల దగ్గర మిగిలే పిల్లలు, తొందరగా జరిగే పెళ్లిళ్లు ఉన్నాయి. ఇంకోవైపు నల్లమల. మండలం అడవి భాగం లోపల అప్పాపూర్ లాంటి చెంచు పెంటలు, అంటే చెంచుల చిన్న గూడేలు, ఉన్నాయి. చెంచులను కేంద్రం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహంగా గుర్తించింది. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద వాళ్లు సుమారు 64 వేల మంది. వాళ్ల మాతృభాష తెలుగే. కాబట్టి ఆదిలాబాద్‌లో మాదిరి భాష అడ్డం కాదు. అడ్డమల్లా నమ్మకం. మన్ననూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, అటవీ శాఖ, రెవెన్యూ, వైద్యశాఖ, స్వచ్ఛంద సంస్థలు ఎవరికి వారు ఒకే పెంటకు వేర్వేరు కాగితాలతో వెళ్తారు. ఎవరు ఏం వాగ్దానం చేశారో, అందులో ఏది జరిగిందో రాసి పెట్టి, పెంటవాళ్ల తరఫున వెంటపడేవాళ్లు ఉండాలి. సోషల్ వర్క్ విద్యార్థి నేర్చుకోవాల్సిన మొదటి పని ఇదే అని నాకనిపిస్తుంది.

అందులో అన్నిటికంటే బరువైనది తరలింపు విషయం. నల్లమల తెలంగాణ భాగం 2015లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా నోటిఫై అయింది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. లోపలి నివాసాలను బయటికి తరలించే చర్చ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. బయటికి వచ్చే కుటుంబానికి ఇచ్చే నగదు పరిహారాన్ని 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలకు పెంచారు. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలోని వాళ్లకు భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కులు ఇచ్చింది. చెంచుల లాంటి ఆదిమ సమూహాలకైతే తాము తరతరాలుగా తిరిగే నివాస ప్రాంతం మొత్తం మీద కూడా హక్కు చెప్పింది. అదే ఏడాది సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఈ హక్కుల గుర్తింపు ముగిసి, గ్రామసభ అన్నీ తెలిసి ఒప్పుకుంటే తప్ప తరలించకూడదంటుంది. ఈ 'అన్నీ తెలిసి' అన్న మాట ఆచరణలో ఏమవుతుంది? పదిహేను లక్షలు ఎన్నేళ్లు వస్తాయో లెక్క వేసి చూపించేవాళ్లు ఎవరు? నగదుకు బదులు భూమి తీసుకునే దారి ఎంచుకుంటే ఆ భూమి ఎక్కడో, నీళ్లున్నాయో లేదో పెద్దమనుషులతో కలిసి వెళ్లి చూసి వచ్చేవాళ్లు ఎవరు? ఉండాలనుకున్న కుటుంబం మీద, పోదామనుకున్న కుటుంబం మీద కూడా ఒత్తిడి లేకుండా కాపలా కాసేవాళ్లు ఎవరు? ఒక వైపు తీర్పు చెప్పడం సోషల్ వర్కర్ పని కాదు. నిర్ణయం పెంటదే. దానికి కావాల్సిన సమాచారం, సమయం దక్కేలా చూడడం ఆ వృత్తి. 20 ఏళ్ల విద్యార్థిని ఒంటరిగా ఇందులోకి తోయడం తప్పు. పని తెలిసిన పెద్ద పక్కన ఉండగా ఇందులో ఒక చిన్న ముక్క, అంటే గ్రామసభ తీర్మానాన్ని అందరికీ చదివి వినిపించడం లాంటిది, ఆమెకు అప్పగించడం మాత్రం గొప్ప శిక్షణ.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది, ఇదంతా మనసుంటే చాలు, చదువెందుకు అన్నది. ఎస్.ఆర్.శంకరన్ ఏ సోషల్ వర్క్ కాలేజీలో చదివారు అని అడగవచ్చు. వెట్టిచాకిరి విముక్తి కోసం, దళితుల కోసం, గిరిజనుల కోసం తన జీవితాన్నే పెట్టిన ఐఏఎస్ అధికారి ఆయన. పద్మభూషణ్ కూడా వద్దన్నారు. నిజమే, ఆయనకు ఆ డిగ్రీ లేదు. కానీ ఆయన చేతిలో సంతకం ఉంది, ఫోన్ చేస్తే కదిలే జిల్లా యంత్రాంగం ఉంది. లింగాల తహసీల్దార్ కార్యాలయం ముందు కాగితం పట్టుకు నిలబడే అమ్మాయికి అవేవీ లేవు. ఆమెకున్నవల్లా పద్ధతి, చట్టం తెలిసి ఉండడం, రాసి పెట్టుకున్న రికార్డు. అధికారం లేనివాళ్లకే శిక్షణ ఎక్కువ అవసరం. మనసు అందరికీ కావాలి. దాన్ని ఎవరూ నేర్పలేరు. కానీ మంచి మనసుతో వెళ్లి హాని చేసి వచ్చే అవకాశాన్ని తగ్గించడం నేర్పవచ్చు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. చెంచుల దగ్గరికి ఎనభై ఏళ్లుగా ఎవరో ఒకరు నోటుబుక్కుతో వెళ్తూనే ఉన్నారు, ఇక వాళ్లను విద్యార్థులకు ప్రయోగశాల చేయకండి అన్నది. ఈ మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే ఫీల్డ్ వర్క్ ఏర్పాటు మారాలి. ప్రతి సెమిస్టరుకు కొత్త విద్యార్థి, కొత్త చోటు అనే పద్ధతి కాలేజీకి సుఖంగా ఉంటుంది, ఊరికి హింస. ఒక పెంటకు ఇద్దరికి మించి వెళ్లకూడదు. వెళ్లిన వాళ్లు చదువు ముగిసేదాకా అదే పెంటతో ఉండాలి. ఫొటోలు తీసి ప్రాజెక్టు రిపోర్టుకు అతికించడం నిషేధించాలి. మొదలుపెట్టిన పని విద్యార్థి వెళ్లిపోయినా ఆగకుండా, ఫైలు చేతులు మారాలి. మాట ఇచ్చి పరీక్షలు రాగానే కనబడకుండా పోవడం ఈ వృత్తిలో నేరంతో సమానం. సెలవు ఎలా తీసుకోవాలన్నది కూడా పాఠంలో భాగమే, చాలా చోట్ల వదిలేసే పాఠం. చేతులు మారే ఫైలుకు బాధ్యత పర్యవేక్షకుడిదే. బ్యాచ్‌లు వస్తాయి పోతాయి, ఆయనో ఆమో అక్కడే ఉంటారు. ఊరికి గుర్తుండే ముఖం అది.

స్థానిక విద్యార్థులనే తీసుకుంటే వాళ్ల కులం, వాళ్ల ఇంటి పగలు, వాళ్ల మొహమాటాలు పనిలోకి రావా అని ఇంకో ప్రశ్న. వస్తాయి. రెడ్డి ఇంటి పిల్లవాడు మాదిగ వాడలో కూర్చున్నప్పుడు, లంబాడా తండా అమ్మాయి చెంచు పెంటకు వెళ్లినప్పుడు వాళ్ల వెనుక చరిత్ర కూడా వెళ్తుంది. పట్నం విద్యార్థి వెనుకా వెళ్తుంది, కాకపోతే అది అతనికి కనిపించదు. స్థానిక విద్యార్థికి అది కనిపిస్తుంది, కనిపించింది కాబట్టి మాట్లాడవచ్చు. వారం వారం జరిగే ఆ విడి సమావేశం ఉన్నదే దీనికోసం. ఎక్కడ టీ తాగావు, ఎక్కడ తాగలేదు, ఎందుకు అని అడిగే మనిషి ఉంటే 19 ఏళ్ల వయసులో ఆ ప్రశ్న జీవితాన్ని మార్చగలదు. వయసు చిన్నదన్న అభ్యంతరానికి కూడా నా జవాబు ఇదే. అదే వయసులో నర్సింగ్ విద్యార్థిని వార్డులో మరణాలు చూస్తుంది. ఎవరూ ఆమెను ఒంటరిగా వదలరు కాబట్టే చూడగలుగుతుంది.

ఉద్యోగాలు లేవన్న మాట తేలిగ్గా తీసేయలేం. జిల్లా బాలల సంరక్షణ విభాగాలు, సఖి కేంద్రాలు, భరోసా కేంద్రాలు, ఆసుపత్రి కౌన్సెలింగ్ పోస్టులు ఉన్నాయి. చాలావరకు కాంట్రాక్టు పద్ధతిలో, తక్కువ జీతంతో ఉన్నాయి. చట్టాల్లో కూడా ఈ చదువుకు నిలకడైన చోటు లేదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం జువైనల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చోవాలి. వాళ్లకు ఉండదగిన డిగ్రీల వరుసలో బాలల మనస్తత్వశాస్త్రం, మానసిక వైద్యం, సోషియాలజీ, న్యాయశాస్త్రం ఉన్నాయి. సోషల్ వర్క్ డిగ్రీ మాత్రం లేదు. ఇది దిద్దుకోవాల్సిన లోపం. అయితే ఉద్యోగం లేదు కాబట్టి శిక్షణ వద్దు అనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. పని మాత్రం ఉంది, దాన్ని ఇప్పుడు ఎవరో ఒకరు చేస్తున్నారు. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, మహిళా సంఘం పుస్తకాలు రాసే అమ్మాయి, పంచాయతీ కార్యదర్శి ఎవరి అసలు పని వాళ్లకు ఉండగా దీన్ని కూడా మోస్తున్నారు. శిక్షణ పొందిన డిగ్రీ పిల్లలు మండలంలో పదిమంది కనిపిస్తే, వాళ్లను వాడుకునే పోస్టు అడగడానికి మండలానికి ఆధారం దొరుకుతుంది. కనిపించని వృత్తికి ఎవరూ పోస్టు పెట్టరు.

ఖర్చు సంగతి. కొత్త కాలేజీ కట్టాల్సిన అవసరం లేదు. అచ్చంపేట, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, కల్వకుర్తి పట్టణాల్లో ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లలకే సోషల్ వర్క్‌ను ఒక ప్రధాన సబ్జెక్టుగా ఇవ్వవచ్చు. పాలమూరు విశ్వవిద్యాలయం నుంచి ఎంఎస్‌డబ్ల్యూ చేసి, కొన్నేళ్లు పనిచేసిన ఇద్దరిని, వీలైతే ఒక స్త్రీని, ఒక పురుషుణ్ని, లింగాలలోనే ఉండేలా ఫీల్డ్ పర్యవేక్షకులుగా నియమించడం అసలు ఖర్చు. ఒక్కొక్కరి కింద పన్నెండు, పదిహేను మందికి మించి విద్యార్థులు ఉండకూడదు, అంతకు మించితే రికార్డులు చదవడం సంతకం పెట్టడంగా మారిపోతుంది. బస్సు చార్జీ, మధ్యాహ్న భోజనం విద్యార్థి జేబు నుంచి పోకూడదు. కూలి ఇళ్ల పిల్లలు ఫీల్డు రోజుల్లో కూలి పోగొట్టుకుంటారు కాబట్టి చిన్న భత్యం కూడా ఉండాలి. మొదటి ఏడాది ఎవరూ పెంటలకు వెళ్లరు. మండల కార్యాలయం, ఆసుపత్రి, బడి, మీసేవ, బ్యాంకు, ఉపాధి పని చోట్లలో కాగితం ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో చూస్తారు. రెండో ఏడాది ఒక్కొక్కరికి ఒక ఊరు, కొన్ని కుటుంబాలు. అడవి లోపలికి వెళ్లేది అటవీ శాఖ అనుమతితో, పెంట ఒప్పుకోలుతో, రెండో ఏడాది చివర నుంచి, పర్యవేక్షకుడితో కలిసి.

ఫీల్డ్ వర్క్ మార్కులు ఎవరు వేయాలన్నది చివరి ప్రశ్న, కానీ చిన్న ప్రశ్న కాదు. ఇప్పుడు సాధారణంగా రికార్డు బైండింగు, వైవాలో చెప్పిన జవాబు చూసి మార్కులు పడతాయి. అందులో కొంత భాగం పర్యవేక్షకుడి చేతికి, కొంత భాగం విద్యార్థి పనిచేసిన ఊరి గ్రామసభ ఎంచుకున్న ఇద్దరి చేతికి ఇవ్వాలి. ఆ అమ్మాయి చెప్పిన రోజున వచ్చిందా, విన్నదా, తెలియనిది తెలియదని చెప్పిందా, మొదలుపెట్టిన పనిని ఎక్కడ వదిలింది అన్నవి వాళ్లకే తెలుస్తాయి. చదువురాని వాళ్లు మార్కులెలా వేస్తారని అడిగే విశ్వవిద్యాలయం, వాళ్లతో ఎలా మాట్లాడాలో పిల్లలకు నేర్పలేదు. దీనికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు, జాతీయ కౌన్సిల్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. విశ్వవిద్యాలయ బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒక్క సమావేశంలో తీర్మానించి ముందుకు పంపితే వచ్చే విద్యా సంవత్సరం నుంచే అమలు కావచ్చు.